ముక్కు అతకడం నేర్పుతారు, కోసిందెవరని అడగడం నేర్పరు

వైద్య కళాశాలల్లో ప్లాస్టిక్ సర్జరీ పాఠం సుశ్రుతుడి పేరుతో మొదలవుతుంది. తెగిన ముక్కును తిరిగి నిలబెట్టే విద్య ఈ గడ్డ మీదే పుట్టిందని ఉపాధ్యాయులు గర్వంగా చెబుతారు, విద్యార్థులు గర్వంగా రాసుకుంటారు. 2014లో ముంబైలో ఒక ఆస్పత్రి ప్రారంభ సభలో దేశ ప్రధానమంత్రి వినాయకుడి తలను కూడా ఈ విద్య ఖాతాలోనే వేశారు. వినాయకుడి సంగతి పక్కన పెడితే, సుశ్రుతుడి విషయంలో ఆ గర్వానికి ఆధారం ఉంది. సుశ్రుత సంహితలో ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, ఆ కొలతతో చెంప చర్మాన్ని తీసి అతికించే పద్ధతి వివరంగా ఉంది. గాలి ఆడడానికి ఆముదపు కాడ గొట్టాలు పెట్టాలన్న జాగ్రత్త కూడా ఉంది.

అయితే ఈ పాఠం ఒక ప్రశ్నను దాటేసి పోతుంది. ఒక ఆపరేషన్ ఇంత నైపుణ్యానికి ఎదగాలంటే చేతికి పని తగలాలి, అంటే రోగులు ఉండాలి. ఈ దేశంలో అన్ని ముక్కులు ఎందుకు తెగాయి? ఎవరి ముక్కులు తెగాయి? ఎవరు కోశారు?

ఈ ప్రశ్నలు అడగకుండా చేసిన శస్త్రచికిత్స చదువు సగం చదువేనన్నది ఈ వ్యాసంలో నా వాదన. ఇది గతానికి సంబంధించిన ఫిర్యాదు మాత్రమే కాదు. ఈ రాత్రి ఏదో ఒక ప్రభుత్వాస్పత్రి క్యాజువాలిటీకి ముక్కు పగిలి వచ్చే స్త్రీకి అందే వైద్యం, దొరికే న్యాయం ఆ సగం చదువు మీదే ఆధారపడి ఉన్నాయి.

గర్వించిన చరిత్ర, దాచిన చరిత్ర

అర్థశాస్త్రం వ్యభిచరించిన స్త్రీకి ముక్కు చెవులు కోయడాన్ని శిక్షగా చెబుతుంది. రామాయణంలో లక్ష్మణుడు శూర్పణఖకు వేసిన శిక్ష అదే. ఆమె సీత మీదికి ఉరికింది కాబట్టి అలా చేశారని మనకు చిన్నప్పటి నుంచి చెబుతారు. కానీ అదే అరణ్యకాండలో విరాధుడు సీతను ఎత్తుకుపోబోతాడు. అతణ్ణి చంపారు తప్ప ముక్కు కోసి వదల్లేదు. మగవాడికి చావు, ఆడదానికి బతికినంతకాలం ముఖం మీద మోయాల్సిన అవమానం! ముక్కు కోయడంలోని ఉద్దేశం చంపడం కాదు. నలుగురిలో తిరగనివ్వకపోవడం, ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళు భయపడేట్టు చేయడం. హిందీలో పరువు పోయిందనడానికి ముక్కు తెగిందంటారు. కుటుంబం పరువును ఆడదాని ముఖం మీద పెట్టిన సమాజానికి ఆ పరువు పేరుతో ముందు కనిపించేది ఆ ముఖమే.

ఇది పాతకాలపు మాటని అనుకోవడానికి లేదు. 2017 నవంబరులో 'పద్మావతి' సినిమా మీద గొడవ జరిగినప్పుడు, శూర్పణఖకు పట్టిన గతి పట్టిస్తామని, అంటే ముక్కు కోస్తామని, నటి దీపికా పదుకొణెను బహిరంగంగా బెదిరించారు.

శస్త్రచికిత్స చరిత్రలో ప్రసిద్ధి పొందిన రోగి మాత్రం పురుషుడు. పేరు కావస్‌జీ. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పు సైనికులకు చిక్కితే ముక్కు, ఒక చెయ్యి నరికారు. పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి, మైనంతో ముక్కు నమూనా చేసి, దాన్ని నుదుటి మీద పరిచి కొలత తీసుకుని, ఆ మేరకు నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టాడు. ఆ వివరం 1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్‌మన్స్ మేగజైన్'లో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్‌ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో ఆ ఆపరేషన్ చేసి, 1816లో పుస్తకం రాశాడు. 1818లో జర్మనీలో గ్రేఫె రాసిన పుస్తకంతో 'రైనోప్లాస్టీ' అన్న పేరు స్థిరపడింది. ఈనాటికీ నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని ప్రపంచమంతా 'ఇండియన్ ఫ్లాప్' అంటుంది.

ఈ కథలో పేర్లు ఎవరివి మిగిలాయో గమనించండి. చూసి రాసినవాళ్ళ పేర్లున్నాయి, చదివి చేసినవాళ్ళ పేర్లున్నాయి. చేత్తో చేసిన ఇటుకల పనివాడి పేరు లేదు. కింది కులాల చేతిలో తరతరాలుగా ఉన్న విద్య తెల్లవాడి పుస్తకంలోకి ఎక్కి, తిరిగి మన మెడికల్ కాలేజీకి వచ్చేటప్పటికి మహర్షి వారసత్వంగా మారింది.

స్త్రీల విషయంలో మౌనం ఇంకా గాఢం. ఇండోర్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా పనిచేసిన కీగన్ ముక్కు ఆపరేషన్ల మీద 1900లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఇండియన్ పద్ధతికి మెరుగులు దిద్దినవాడిగా అతని పేరు ఇప్పటికీ చెబుతారు. అతని దగ్గరికి ముక్కులు పోగొట్టుకుని వచ్చినవాళ్ళలో, అనుమానంతో భర్తలు ముక్కు కోసేసిన భార్యలు ఉన్నారు. జునాగఢ్‌లో త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా 1889లో నూరు ముక్కు ఆపరేషన్ల వివరాలు అచ్చువేశాడు. అక్కడ కాదు మక్రానీ అనే బందిపోటు ముక్కులు కోసేవాడు. 'కాదు కోస్తాడు, త్రిభువన్ అతుకుతాడు' అన్న నానుడి పుట్టిందక్కడ. కోసేవాడికీ అతికేవాడికీ నానుడిలో చోటు దొరికింది. కోయించుకున్నవాళ్ళకు దొరకలేదు.

ఇంకో దేశపు ఉదాహరణ చూద్దాం. 2010 ఆగస్టులో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా ముక్కు కోసేసిన అఫ్ఘాన్ యువతి ఆయేషా ఫొటో వేసింది. అఫ్ఘానిస్తాన్‌ను మనం వదిలి వస్తే జరిగేది ఇదీ అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. అమెరికా సైన్యం అప్పటికి తొమ్మిదేళ్ళుగా ఆ దేశంలోనే ఉంది! ఆమె ముక్కు ఒక యుద్ధాన్ని సమర్థించడానికి పనికొచ్చింది. మన దగ్గర తెగిన ముక్కులు ప్రాచీన విజ్ఞాన వైభవానికి పనికొస్తున్నాయి. రెండుచోట్లా గాయం స్త్రీది, ఘనత ఇంకొకరిది.

తెలుగు సాహిత్యం ఈ విషయంలో వైద్యం కంటే ముందుంది. ముక్కు పోయిన తర్వాత శూర్పణఖ ఎలా బతికిందన్న ప్రశ్నను ఓల్గా 'సమాగమం' కథ వేసుకుంది. వైద్య కళాశాల ఆ ప్రశ్న దరిదాపులకు రాలేదు.

ముక్కుకు ఎన్ని ఆపరేషన్లు, ఎవరు ఏది నేర్చుకుంటారు?

మనలో చాలామందికి ముక్కు ఆపరేషన్ అనగానే సినిమా తారలు గుర్తొస్తారు. నిజానికి ఇవి చాలా రకాలు. ఏ రకం ఏమిటో తెలియకపోతే ఆస్పత్రిలో మనం ఏమీ అడగలేం.

మొదటిది, విరిగిన ముక్కు ఎముకను చర్మం కోయకుండానే పైకెత్తి సరిచేయడం. వాపు తగ్గాక, ఎముక అతుక్కోక ముందు, పెద్దవాళ్ళలో సుమారు రెండు వారాల లోపు చేయాలి. రెండోది, వంకరపోయిన ముక్కు దూలాన్ని సరిచేసే సెప్టోప్లాస్టీ. ఊపిరి ఆడడం కోసం చేసేది. మూడోది, ముక్కు ఎముకల్ని, మృదులాస్థిని మలిచి ఆకారం మార్చే రైనోప్లాస్టీ. దీన్ని ముక్కు లోపలి నుంచే చేయవచ్చు, లేదా రెండు రంధ్రాల మధ్య చిన్న గాటు పెట్టి చర్మం పైకెత్తి చేయవచ్చు. ఆకారం, ఊపిరి రెండూ చెడినప్పుడు రెండూ కలిపి చేస్తారు. నాలుగోది, కూలిపోయిన ముక్కుకు చెవి నుంచో పక్కటెముక నుంచో మృదులాస్థి తెచ్చి ఆసరా కట్టడం. అయిదోది, పూర్తిగా పోయిన ముక్కును నుదుటి చర్మంతో తిరిగి నిర్మించడం. వీటికి తోడు గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల ముక్కు సరిచేయడం, కుష్టువ్యాధిలో కూలిన ముక్కును నిలబెట్టడం ఉన్నాయి. ముంబైలో ప్లాస్టిక్ సర్జన్ ఎన్.హెచ్. ఆంతియా కుష్టు రోగుల ముఖాలు, చేతులు సరిచేయడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ అనుభవమే ఆయన్ని ప్రజారోగ్య ఉద్యమం వైపు నడిపించింది. సర్జన్ రోగి బతుకు గురించి ఆలోచించడం అసాధ్యమేమీ కాదని చెప్పడానికే ఆయన పేరు తలచుకుంటున్నాను.

ఇక వీటిని ఎవరు నేర్చుకుంటారు? ఎంబిబిఎస్ తర్వాత మూడేళ్ళు చదివే చెవి ముక్కు గొంతు పి.జి. విద్యార్థులు, జనరల్ సర్జరీ చేసి ఆపైన మూడేళ్ళు ఎంసిహెచ్ చదివే ప్లాస్టిక్ సర్జన్లు. ముఖం ఎముకలు విరిగినప్పుడు దంతవైద్యంలో పై చదువు చదివిన సర్జన్లూ చూస్తారు. ఈ చదువులో ఆపరేషన్లకు ఒక వర్ణవ్యవస్థ ఉంది. విరిగిన ముక్కు ఎత్తడం అడుగు మెట్టు. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ పని, అయిదు పది నిమిషాల్లో తేలిపోతుందని పేరు. ముక్కు దూలం సరిచేయడం పి.జి. విద్యార్థి చేయి తిప్పుకునే పని. ఆకారం మార్చే రైనోప్లాస్టీ పై మెట్టు. అది కష్టమైన విద్యనీ, మిల్లీమీటరు తేడా వచ్చినా ముఖం మీద కనిపిస్తుందనీ పెద్ద సర్జన్లు దాన్ని తమ చేతిలోనే ఉంచుకుంటారు. విద్యార్థి ఎక్కువగా చూసేవాడే. తర్వాత డబ్బు కట్టి వర్క్‌షాపులకు వెళ్ళి, తెర మీద ఆపరేషన్ చూసి, ఫెలోషిప్పులు చేసి నేర్చుకుంటాడు. పేరూ డబ్బూ అక్కడే ఉన్నాయి.

ఈ మెట్లు నైపుణ్యాన్ని బట్టి వచ్చినవే కదా అనవచ్చు. కొంత నిజం. కానీ ఫలితం చూడండి. సొంత డబ్బుతో ముక్కు సన్నం చేయించుకోవడానికి వచ్చినామెకు అత్యంత అనుభవమున్న చేయి, గంటసేపు సంప్రదింపు, ముందూ వెనకా ఫొటోలు. మొగుడి పిడికిలికి ముక్కు విరిగి వచ్చినామెకు నిద్రలేని జూనియర్, అయిదు నిమిషాలు, ఒక ఎక్స్‌రే చీటీ. ఆ జూనియర్‌ది తప్పనడం లేదు. అతనికో ఆమెకో ఈ రోగిని చూడడం ఎవరూ నేర్పలేదు.

2020 నవంబరులో ఆయుర్వేద పి.జి. వైద్యులు 58 రకాల ఆపరేషన్లు చేయవచ్చని ప్రభుత్వ నోటిఫికేషన్ వచ్చింది. కన్ను, చెవి, ముక్కు, గొంతు చికిత్సలూ అందులో ఉన్నాయి. అల్లోపతీ వైద్యులు డిసెంబరులో సమ్మె చేశారు. సుశ్రుతుడు మావాడంటే మావాడని రెండు పక్షాలూ వాదించుకున్నాయి. కత్తి ఎవరి చేతిలో ఉండాలన్న గొడవే తప్ప, కత్తి కిందికి వచ్చే ముఖం అక్కడికెలా చేరిందన్న మాట ఒక్క పక్షమూ ఎత్తలేదు.

రాత్రి క్యాజువాలిటీలో జరిగేది

ముఖంలో అన్నిటికన్నా తరచుగా విరిగేది ముక్కు ఎముకే. కొట్టేవాడు మొదట ముఖానికే గురిపెడతాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 18-49 ఏళ్ళ మధ్య వివాహిత స్త్రీలలో 29 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనవాళ్ళు. శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయం కోరినవాళ్ళు 14 శాతమే. అంటే మన సంఘం గడపగానీ, పోలీసు స్టేషన్ గడపగానీ తొక్కని స్త్రీలే ఎక్కువ. కానీ నెత్తురు కారే ముక్కుతో ఆస్పత్రి గడప తొక్కక తప్పదు. ఆమె నోరు తెరవగలిగే చోటు అదొక్కటే కావచ్చు.

అక్కడ ఏం జరుగుతుందో సంఘాల్లో పనిచేసే మనకు కొత్త కాదు. పక్కన భర్తో అత్తో నిలబడి ఉంటారు. "ఏమైందమ్మా?" అని డాక్టరు అడిగితే "బాత్‌రూములో జారి పడింది సార్" అని ఆ పక్కనున్నవాళ్ళే జవాబు చెబుతారు. చీటీ మీద అదే ఎక్కుతుంది. పోలీసు కేసుగా నమోదు కాదు. ఆ వాక్యం రాసిన క్షణంలో ఆమె కేసు సగం పోయినట్టే.

ఎందుకంటే ముక్కు ఎముక విరగడం చట్టం దృష్టిలో చిన్న గాయం కాదు. పాత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో ఉన్నట్టే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో కూడా ఎముక విరగడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం తీవ్రగాయాలు. మామూలు గాయానికి 115వ సెక్షన్ కింద ఏడాది వరకే శిక్ష. కేవలం ఆ సెక్షనే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. తీవ్రగాయమైతే 117వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష. ఊండ్ సర్టిఫికెట్ మీద 'సింపుల్' అని రాస్తారా, 'గ్రీవియస్' అని రాస్తారా అన్నదాని మీద ఇంత తేడా ఉంది. ఆ మాట రాసేది ఎవరు? ఆ రాత్రి డ్యూటీ డాక్టరు. దేన్ని చూసి? ఎక్స్‌రే చూసి. ముక్కు ఎముక పగుళ్ళు మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియవనీ, చేత్తో తడిమి, లోపల లైటు వేసి చూడాలనీ చెవి ముక్కు గొంతు పాఠమే చెబుతుంది. మృదులాస్థి విరిగితే ఎక్స్‌రేలో అసలే కనిపించదు. అయినా ఎక్స్‌రేలో ఏమీ లేదని 'సింపుల్' అని రాసేస్తారు. పాఠంలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటి!

ఇంతకంటే అన్యాయమైనది గడువు సంగతి. దెబ్బ తగిలాక దూలం లోపల రక్తం గడ్డకడితే వెంటనే తీసెయ్యాలి. లేకపోతే మూడు నాలుగు రోజుల్లో మృదులాస్థి చచ్చి, కొన్నాళ్ళకు ముక్కు నడుమ జీనులా కుంగిపోతుంది. విరిగిన ఎముకకు గడువు రెండు వారాలు. ఈ రెండు వారాల్లో మన స్త్రీ ఎక్కడుంటుంది? మొదటి వారం వాపుతో బయటికి రాలేక ఇంట్లో. తర్వాత పుట్టింట్లో. ఆ తర్వాత పెద్దమనుషుల ముందు, రాజీ మాటల్లో. అన్నీ అయ్యేసరికి ఎముక వంకరగా అతుక్కుపోతుంది. ఇప్పుడు దాన్ని సరిచేయాలంటే మళ్ళీ ఎముకను విరగ్గొట్టి చేసే పెద్ద ఆపరేషన్ కావాలి. అప్పుడు ఆమె ఆస్పత్రికి వెళితే వినిపించే మాట: "ఇది కాస్మెటిక్ అమ్మా."

ఈ ఒక్క మాటతో హింస అందం కోరికగా మారిపోయింది! ఆరోగ్య బీమా నిబంధనల్లో ప్రమాదం, కాలిన గాయాలు, కేన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం ఉండి తప్పనిసరైన చికిత్స తప్ప కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలకు డబ్బు రాదు. మొదటి చీటీ మీద నిజం రాసి ఉంటే ఆమె వాదించుకోవచ్చు. అక్కడ రాసింది 'జారి పడింది' అని. లేదా అసలు చీటీయే లేదు. ఆసిడ్ బాధితులకూ, అత్యాచార బాధితులకూ ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఉచితంగా చికిత్స చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతుంది. ఎన్నో ఏళ్ళ పోరాటంతో వచ్చిన హక్కు అది. మొగుడు కత్తితో ముక్కు కోస్తే, పిడికిలితో విరిస్తే ఆ సెక్షన్ వర్తించదు.

కోటేరు ముక్కు రాజకీయం

ఇక అందం కోసం చేసే ఆపరేషన్ల సంగతి. తెలుగులో ముక్కు మీద ఒక్క పద్యం రాసినందుకు నంది తిమ్మనకు ముక్కు తిమ్మన అనే పేరు స్థిరపడిందని చెప్పుకుంటాం. కోటేరు ముక్కు అందం, చప్పిడి ముక్కు ఎగతాళి. పెళ్ళిచూపుల్లో పిల్ల ముక్కును తూకం వేయడం ఇవాళ్టిది కాదు.

కానీ దీనికి 'శాస్త్రం' రూపం వచ్చింది వలస పాలనలో. హెర్బర్ట్ రిస్లీ అనే అధికారి ముక్కుల వెడల్పు పొడవులు కొలిపించి, ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత తక్కువన్న సూత్రం చేశాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్ ఆయనే. 1948లో 'ద అన్‌టచబుల్స్'లో అంబేద్కర్ ఆ ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేర్వేరు జాతులన్న వాదం నిలవదని చూపించారు. అయినా సన్న ముక్కు, మధ్యస్థం, వెడల్పు ముక్కు అంటూ రిస్లీ వాడిన వర్గీకరణ పదాలు రైనోప్లాస్టీ పుస్తకాల్లో ఇంకా ఉన్నాయి. పై పెదవికీ ముక్కుకూ మధ్య కోణం స్త్రీకి 95 నుంచి 110 డిగ్రీలు, పురుషుడికి 90 నుంచి 95 డిగ్రీలు ఉండాలనీ, ముక్కు అడుగు వెడల్పు ముఖం వెడల్పులో అయిదో వంతు ఉండాలనీ విద్యార్థి బట్టీ పడతాడు. ఇవి యూరపు ముఖాల నుంచి తీసిన ఆదర్శాలు. ఈ ఆపరేషన్ చరిత్ర కూడా అలాంటిదే. 1887లో అమెరికాలో జాన్ రో రాసిన వ్యాసం చప్పిడి ముక్కును 'వైకల్యం' అంది. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ ముక్కు తగ్గించే ఆపరేషన్లు మొదలుపెట్టాడు; తమ ముక్కును బట్టి యూదులని గుర్తుపట్టకూడదని వచ్చినవాళ్ళు అతని రోగుల్లో ఉన్నారు. ఆరోగ్యమైన ముక్కును జబ్బుగా చేసింది ఆ ముక్కు కాదు, దాన్ని చూసే చూపు.

ఆపరేషన్ చేయించుకునే అమ్మాయిని నిందించడం నా ఉద్దేశం కాదు. పెళ్ళి, ఉద్యోగం, ఎగతాళి, వీటి మధ్య బతికేది ఆమె. ఆమె నిర్ణయం ఆమెది. నేను నిలదీసేది, సన్న ముక్కును ప్రమాణంగా, మన దళిత, ఆదివాసీ, బహుజన స్త్రీల ముక్కును సవరించాల్సిన తేడాగా నేర్పే చదువును. ఒకే చదువు విరిగిన ముక్కును చూసి 'ఎవరు కొట్టారు' అని అడగదు. విరగని ముక్కును చూసి 'ఏం లోపం' అని అడుగుతుంది!

మనకు ఎదురయ్యే వాదనలు

సర్జన్ పని ఆపరేషన్ చేయడం, పోలీసు పని కాదంటారు. ఆ మాటే నిజమైతే ఊండ్ సర్టిఫికెట్ రాసే అధికారం సర్జన్‌కు ఎందుకు? గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. బాధితురాలు కోరితే వైద్య సహాయం ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. గృహహింస నివేదిక అప్పటికి నమోదు కాకపోతే ఆస్పత్రి బాధ్యులే దాన్ని నింపి రక్షణాధికారికి పంపాలనీ, వైద్య పరీక్ష నివేదిక కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలనీ దాని నియమాల్లో ఉంది. కాబట్టి ఇది ఇప్పటికే వాళ్ళ పనే. నేర్పడమే లేదు.

ఆడవాళ్ళు అడిగినా చెప్పరంటారు. భర్త పక్కన నిలబడి ఉండగా, పది మంది వింటుండగా అడిగితే ఎవరు చెబుతారు? ముంబైలో బాంద్రాలోని మునిసిపల్ భాభా ఆస్పత్రిలో 2000లో సెహత్ సంస్థ, నగరపాలక సంస్థ కలిసి 'దిలాసా' కేంద్రం పెట్టాయి. ఆస్పత్రి సిబ్బందికే శిక్షణ ఇచ్చి, బాధితురాలిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడితే స్త్రీలు చెబుతారని అది చేసి చూపించింది. వైద్యవిద్యలోనే ఈ శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సూచించింది.

ఇప్పటికే చదువు భారం ఎక్కువంటారు. సుశ్రుతుడి గురించి చెప్పడానికి సమయం ఉన్నప్పుడు, సుశ్రుతుడి దగ్గరికి రోగి ఎందుకు వచ్చిందో చెప్పడానికి అయిదు నిమిషాలు దొరకవా?

మనం అడగాల్సింది

ఒకటి: చెవి ముక్కు గొంతు, ప్లాస్టిక్ సర్జరీ పి.జి. చదువుల్లో ముక్కు గాయాల పాఠంతో పాటు, గృహహింసను గుర్తించడం, ఒంటరిగా అడగడం, నమోదు చేయడం నేర్పాలి. పి.జి. విద్యార్థి లాగ్‌బుక్కులో ఎన్ని ముక్కులు సరిచేశారన్నదే కాదు, ఎంతమందిని అడిగారన్నదీ ఉండాలి. పరీక్షలో ప్రశ్న రానిది ఎవరూ చదవరు, అక్కడా ఉండాలి.

రెండు: ఎక్స్‌రే ఒక్కటే చూసి 'సింపుల్' అని రాయకూడదు. దూలం లోపల పరీక్ష, ఫొటో, అవసరమైతే సి.టి. తప్పనిసరి చేయాలి. వాపు తగ్గాక మళ్ళీ చూడడానికి తేదీ రాసివ్వాలి.

మూడు: హింస వల్ల చెడిన ముక్కును ఎంత ఆలస్యంగా సరిచేసినా దాన్ని కాస్మెటిక్ అనకూడదు. ఆరోగ్యశ్రీలోనూ, బీమాలోనూ అది పునర్నిర్మాణంగానే ఉండాలి. ఆసిడ్ బాధితుల ఉచిత చికిత్స హక్కు ముఖం వికృతం చేసిన ప్రతి దాడికీ వర్తించాలి.

నాలుగు: హైదరాబాద్ కోఠీ, విశాఖపట్నం ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రుల్లాంటి చోట్ల, బోధనాస్పత్రుల క్యాజువాలిటీల్లో దిలాసా తరహా కేంద్రాలు పెట్టాలి. 2015 నుంచి వచ్చిన సఖి కేంద్రాలు ఆస్పత్రి లోపలి డాక్టరుతో కలిసి పనిచేయాలి.

అయిదు: ముక్కు అందానికి కొలతలు నేర్పే పాఠంలో ఆ కొలతలు ఎవరి ముఖాల నుంచి వచ్చాయో, రిస్లీ వాటితో ఏం చేశాడో, అంబేద్కర్ ఏం జవాబిచ్చారో కూడా నేర్పాలి.

ఇవి సాధించేలోగా మన చేతిలో ఉన్నవి మనం చేయాలి. ముక్కుకు దెబ్బ తగిలిన స్త్రీ మన దగ్గరికి వస్తే అదే రోజు ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి. రెండు రంధ్రాలూ మూసుకుపోయి ఊపిరాడకపోతే, లోపల ఉబ్బు ఉంటే రక్తం గడ్డ చూడమని అడగాలి. పోలీసు కేసుగా రాయమని అడగాలి, ఓ.పి. చీటీ కాపీ తీసుకోవాలి, మొదటి రోజే తేదీతో ఫొటో తీయాలి. పెద్దమనుషుల పంచాయితీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఎముక గడువు మాత్రం రెండు వారాలే. రాజీ మాట్లాడదామని వచ్చేవాళ్ళకు ముందు ఈ గడువు సంగతి చెప్పండి.

ఈ దేశం ముక్కు అతికించే విద్యలో ప్రపంచానికి గురువని చెప్పుకుంటోంది. చెప్పుకోనివ్వండి. ఆ పాఠం జరిగే ప్రతి తరగతి గదిలో, ప్రతి వైద్య సదస్సులో మనం లేచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ ముక్కును కోసిందెవరు? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.